బొగ్గుగని కాలనీలో భూతాపం ముచ్చట

మే నెలలో సింగరేణి గని కార్మికులుండే సెంటినరీ కాలనీలో ఎండ గురించి మాట్లాడని మనిషి దొరకడు. ఎక్కడ ఎంత ఎండ కొట్టిందో చెప్పే బులెటిన్లలో రామగుండం పేరు ఏటా వినబడుతూనే ఉంటుంది. ఓపెన్‌కాస్టు గనిలో నల్లటి బొగ్గు మీద నిలబడి పనిచేసి వచ్చినవాళ్లకు ఆ అంకెలు తక్కువ చేసి చెప్పినట్టే అనిపిస్తాయి. జూన్ దాటితే ముచ్చట వానల మీదికి మళ్లుతుంది. 2022 జులైలో గోదావరి పొంగి మంథనిలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, భద్రాచలం దగ్గర నది 71 అడుగులు దాటింది. మరుసటి ఏడాది జులైలో భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి తెల్లారేసరికి నీట మునిగితే జనాన్ని కాపాడడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఇవన్నీ చాయ్ హోటల్ దగ్గర ఎవరిని కదిలించినా చెబుతారు.

ఎండావానల గురించి ఇంతగా మాట్లాడుకునే చోట, వాతావరణ మార్పు అనే మాట పడగానే ముచ్చట తెగిపోతుంది. తెగకపోతే జోకులోకి దిగుతుంది, లేదంటే "అయితే బాయిలు (బొగ్గుగనులు) మూసెయ్యమంటవా?" అన్న ప్రశ్న దగ్గర గడ్డకడుతుంది. ఎండ నిజమే, వరద నిజమే. వాటి వెనకున్న కారణం మాత్రం నోటికి రాదు. తెలియకనా?

కాదు. భూతాపాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన కొలతలు గని కార్మికుడికి తెలిసినంత దగ్గరగా మరే ఉద్యోగికీ తెలియవంటే అతిశయోక్తి కాదు. అడ్డం పడుతున్నది వేరొకటి. అది తెలిస్తే తప్ప ఈ మాట ఎలా ఎత్తాలో తెలియదు.

పరిష్కారం మీద భయం

ఈ కాలనీ పుట్టుకే బొగ్గు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ పట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. ఆ తవ్వకానికి నూరేళ్లు నిండిన గుర్తుగా పెట్టిన పేరే సెంటినరీ కాలనీ. ఇప్పుడిది సింగరేణి బొగ్గు సంస్థ రామగుండం-3 ఏరియాకు కేంద్రం. ఓపెన్‌కాస్టులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని, జేఎన్‌టీయూ వారి మంథని ఇంజనీరింగ్ కాలేజీ చుట్టుపక్కలే ఉన్నాయి. ఇక్కడి బొగ్గును కాల్చే ఎన్‌టీపీసీ రామగుండం కేంద్రం దగ్గర్లోనే ఉంది. క్వార్టర్, పిల్లల ఫీజులు, దసరా ముందు వచ్చే లాభాల వాటా అన్నీ బొగ్గులోంచి వచ్చినవే. అలాంటి ఇంట్లో కూర్చుని "బొగ్గు కాల్చడం వల్లనే ఈ ఎండలు" అంటే ఎదుటి మనిషి చెవికి చేరేది భౌతిక శాస్త్రం కాదు, "నీ అన్నం తప్పు" అన్న ఆరోపణ.

దీన్ని 2014లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన ట్రాయ్ క్యాంప్‌బెల్, ఆరన్ కే ప్రయోగం చేసి చూపారు. భూమి వేడెక్కుతోందన్న ఒకే శాస్త్రీయ సమాచారాన్ని రిపబ్లికన్ పార్టీ అభిమానుల ముందు రెండు రకాలుగా పెట్టారు. పరిష్కారం సర్కారు ఆంక్షలు అని చెప్పినప్పుడు 22 శాతం మందే ఆ సమాచారంతో ఏకీభవించారు. కొత్త సాంకేతికత, స్వేచ్ఛా వ్యాపారం అని చెప్పినప్పుడు అది 55 శాతానికి పెరిగింది. శాస్త్రం మారలేదు. దాని వెనకాల రాబోయే పరిష్కారం నచ్చనివాళ్లు సమస్యే లేదన్నారు.

ఇది మూర్ఖత్వం కాదు. మనసు ముందు గండాన్ని లెక్కగట్టుకుంటుంది, తరువాతే వాదనలు వెతుక్కుంటుంది. అందుకే ఎక్కువ సమాచారం పోస్తే పని జరుగుతుందన్న నమ్మకం చాలాసార్లు బెడిసికొడుతుంది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ కహాన్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో సైన్సు, లెక్కలు బాగా వచ్చిన అమెరికన్లు భూతాపం ముప్పు విషయంలో ఒకరికొకరు దగ్గర కాలేదు, మరింత ఎడమయ్యారు. చదువు తమ పక్షాన్ని సమర్థించుకునే నేర్పును పెంచింది. భయపెట్టే బొమ్మలదీ ఇంచుమించు ఇదే కథ. చూపును పట్టుకుంటాయి, కానీ "మనతోని ఏమైతది" అనే నిస్సహాయతను మిగిల్చిపోతాయి.

సెంటినరీ కాలనీకి ఈ పరిశోధన చెప్పేది సూటిగానే ఉంది. గాలి గురించిన ప్రశ్ననూ ఉద్యోగం గురించిన ప్రశ్ననూ ఒకే ముద్ద చేసి ముందు పెట్టకూడదు. రెండోదాన్ని దాచనూకూడదు. దాస్తే అది ప్రతి వాక్యం కిందా ఉండి మొదటిదాన్ని మాట్లాడనివ్వదు.

మౌనం ఎలా పెరుగుతుంది

యేల్ విశ్వవిద్యాలయ బృందం సీవోటర్‌తో కలిసి మన దేశంలో చేసి 2022లో వెల్లడించిన సర్వేలో, భూతాపం గురించి తమకు కొంచెమే తెలుసనో అసలు వినలేదనో చెప్పినవారు 54 శాతం. అదేమిటో రెండు ముక్కల్లో వివరించి మళ్లీ అడిగితే, అవును జరుగుతోంది అన్నవారు 84 శాతం. మన దేశంలో దీన్ని ఒప్పుకోనివారు తక్కువే. ఒకరితో ఒకరు దాని గురించి మాట్లాడుకోకపోవడమే ఎక్కువ.

మాట్లాడకపోతే ఏమవుతుంది? పక్కవాడు మాట్లాడడు కాబట్టి వాడికి పట్టదని అనుకుంటాం. మనం మాట్లాడం కాబట్టి మనకు పట్టదని వాడనుకుంటాడు. 2024లో ప్రచురితమైన ఒక సర్వేలో 125 దేశాలకు చెందిన దాదాపు 1.3 లక్షల మందిని రెండు ప్రశ్నలు అడిగారు. నీ ఆదాయంలో నూటికొక రూపాయి ఈ సమస్య కోసం ఇస్తావా? మీ దేశంలో ఎందరు ఇస్తారనుకుంటావు? ఇస్తామన్నవారు 69 శాతం. ఇతరులు ఇస్తారని వేసిన అంచనా 43 శాతమే. మస్టర్ (హాజరు) పడ్డాక ఒకే మ్యాన్‌రైడింగ్‌లో గనిలోకి దిగే ఇద్దరు, ఒకరి మనసు ఒకరికి తెలియకుండానే ఏళ్లకు ఏళ్లు పనిచేయవచ్చన్నమాట.

మౌనం ఉన్నచోట వివరణలు వాటంతటవే పుట్టుకొస్తాయి. 2022 గోదావరి వరదల తరువాత భద్రాచలంలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు, క్లౌడ్ బరస్ట్‌ల వెనక విదేశీ కుట్ర ఉందన్న ప్రచారాన్ని ప్రస్తావించారు. అది ఎంత నిజమో తెలియదని కూడా అన్నారు. మరునాటి నుంచి జనం నోట్లో నిలిచింది కుట్ర మాటే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదని, ఆ ఆవిరి ఒక్కపెట్టున కురిస్తే వాన మునుపటికన్నా దంచికొడుతుందని అంతే సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. ఏ ఒక్క వరదనూ మొత్తంగా భూతాపం ఖాతాలో వేయకూడదు. బ్యారేజీల వెనక నిలిచిన నీరు, పూడిపోయిన వాగులు, మట్టి కుప్పలు ఆపిన దారులు కూడా లెక్కలోకి వస్తాయి. గోదావరి ఒడ్డున పుట్టిపెరిగిన మనిషికి ఇవన్నీ తెలుసు. వాటిని ఒప్పుకోకుండా మాట్లాడేవాడిని ఆ మనిషి నమ్మడు, నమ్మకపోవడమే సబబు.

బాయిలో నేర్చిన కొలతలు

"గాలిల నూటికి ఒక్కవంతు గూడ లేని గ్యాసు భూమిని వేడి చేస్తదా?" ఇది చదువుకున్నవాళ్లు కూడా వేసే ప్రశ్న. గాలిలో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ఇప్పుడు పది లక్షల వంతుల్లో 420కి పైన ఉంది. శాతంలో చెబితే 0.04 మాత్రమే. వినడానికి నిజంగానే లెక్కలోకి రాదనిపిస్తుంది.

గని మనిషికి అలా అనిపించకూడదు. పది లక్షల్లో వంతులు, అంటే పీపీఎం, భూగర్భ గనిలో రోజువారీ భాష. కార్బన్ మోనాక్సైడ్ 50 పీపీఎం మించకూడదన్నది గని నిబంధన. పీల్చే గాలిలో మిగతా 99.99 శాతం సవ్యంగా ఉన్నా, ఆ కొంచెం చాలు ప్రమాదానికి. ఎందుకంటే రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కన్నా ఆ వాయువును రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మీథేన్ 1.25 శాతం చేరితే కరెంటు తీసేసి మనుషులను వెనక్కి పిలవాలి. కంటికి కనబడని వాయువు ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, అది చేసే పని చూడాలన్నది బాయిలో మొదటి పాఠం.

ఆకాశంలోనూ తర్కం అదే. బొగ్గుపులుసు వాయువు చేసేది విషం పని కాదు, వేరే పని. ఎండకు కాగిన నేల ఆ వేడిని కంటికి కనబడని కిరణాలుగా పైకి వదులుతుంది. గాలిలో 99 శాతం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ ఆ కిరణాలను పట్టించుకోవు, పోనిస్తాయి. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్ లాంటివి మాత్రం పట్టుకుని అన్ని వైపులకూ తిరిగి వదులుతాయి. కొంత వేడి మళ్లీ నేలకే చేరుతుంది. బొగ్గుపులుసు వాయువు ఎండకు మామూలు గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుందని 1856లో యూనిస్ ఫూట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాలు ఎండలో పెట్టి గమనించింది. వేడి కిరణాలను పట్టుకునే గుణాన్ని 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో కొలిచి చూపాడు. ఇల్లందులో బొగ్గు దొరకడానికి ముందే తెలిసిన సంగతి ఇది.

గనిలో ఫ్యాన్ ఉంటుంది. మంచి గాలి ఒక దారిన దిగి, చెడిన గాలి రిటర్న్ ఎయిర్‌వేలో బయటపడుతుంది. భూమి రిటర్న్ లేని గని. వదిలిన వాయువులో సగం వరకు సముద్రాలు, చెట్లు పీల్చుకుంటాయి. మిగిలినది పోగుపడుతుంది. అందులో కొంత వేల ఏళ్లు అక్కడే ఉంటుంది. యంత్ర యుగానికి ముందు 280 పీపీఎం ఉన్నది ఈ పోగు వల్లే 420 దాటింది.

రెండో కొలత ఇంకా దగ్గరిది. గని లోపల ఎంత వేడి ఉందో మామూలు థర్మామీటరుతో తేల్చరు. ఒక బల్బుకు తడిగుడ్డ చుట్టిన హైగ్రోమీటరును గిరగిరా తిప్పి వెట్ బల్బ్ రీడింగ్ తీస్తారు. అది 30.5 డిగ్రీలు దాటితే గాలి వేగం నిమిషానికి కనీసం 60 మీటర్లు ఉండాలి. పనిచోట 33.5 దాటనేకూడదు. ఒంటిమీద చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. ఆ సంగతినే తడిగుడ్డ కొలిచి చూపుతుంది.

ఇప్పుడు ఆ హైగ్రోమీటరును బయటికి తెచ్చి చూడండి. మే నెలలో 45 డిగ్రీల ఎండ, తేమ 20 శాతం ఉంటే వెట్ బల్బ్ 26, 27 ప్రాంతంలో ఉంటుంది. జూన్‌లో వాన పడీపడని రోజున 38 డిగ్రీలే ఉన్నా, తేమ 60 శాతం అయితే అది 31కి చేరుతుంది. ఎండ తగ్గినా ప్రాణం ఎందుకు ఉసూరుమంటుందో చెప్పే లెక్క ఇదే. వెట్ బల్బ్ 35 డిగ్రీల దగ్గర కొన్ని గంటలుంటే ఆరోగ్యవంతుడు కూడా తట్టుకోలేడని చాలాకాలం అనుకున్నారు. పెన్‌సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద ప్రయోగాలు చేస్తే, తేమ గాలిలో 31 దగ్గరే శరీరం వేడిని అదుపు చేసుకోలేకపోతోందని 2022లో తేలింది. గని నిబంధన హెచ్చరించే 30.5కు అది ఎంత దగ్గరో ఓవర్‌మెన్‌కు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. 2015 మే వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవారే.

[ పెట్టె ] టన్ను బొగ్గు, టన్నున్నర గ్యాసు

టన్ను బొగ్గు కాలిస్తే దాదాపు టన్నున్నర బొగ్గుపులుసు వాయువు వస్తుందంటే చాలామంది నమ్మరు. కాలిన వస్తువు తేలికవ్వాలి కదా, బూడిద కూడా మిగిలిందాయె! రహస్యం గాలిలో ఉంది. బొగ్గులోని కర్బనం కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. 12 కిలోల కర్బనానికి 32 కిలోల ఆక్సిజన్ చేరి 44 కిలోల వాయువు అవుతుంది. కరెంటు కేంద్రాలకు పోయే మన బొగ్గులో బూడిద ఎక్కువ, కర్బనం సుమారు నూటికి నలభై పాళ్లు. 1,000 కిలోల్లో 400 కిలోల కర్బనం ఉంటే, వాయువు 1,470 కిలోలకు దగ్గరగా తేలుతుంది. పొగగొట్టం వదిలే బరువులో మూడింట రెండు వంతులకు పైగా గాలిలోంచి తీసుకున్నదే.

వాతావరణం ఎప్పుడు మారలేదు?

ఈ ప్రశ్న ఎదురైతే వాతావరణ కార్యకర్తలు సాధారణంగా చికాకు పడతారు. బొగ్గు కాలనీలో మాత్రం ఇంతకన్నా మంచి అవకాశం రాదు. ఎందుకంటే జవాబు కాళ్ల కిందే ఉంది.

గోదావరి లోయ బొగ్గు పొరల కింద తాల్చేరు శిలలు ఉంటాయి. హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలిన రాళ్లు, బురద గట్టిపడి అవి ఏర్పడ్డాయి. అంటే నేడు నిప్పులు చెరిగే ఈ నేల దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట, గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండి మంచును చూసింది. మంచు కరిగాక చిత్తడి అడవులు పెరిగాయి. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు నాలుకలాంటి ఆకులు గోండ్వానా గనుల షేల్ పలకల మీద అచ్చుపడి ఉంటాయి. ఆ అడవులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, బురదలో కూరుకుపోయి, బొగ్గయ్యాయి.

కాబట్టి మాట నిజమే, వాతావరణం ఎప్పుడూ మారింది. తేడా వేగంలో ఉంది. లక్షల, కోట్ల ఏళ్ల పాటు కొంచెం కొంచెంగా గాలిలోంచి దిగి నేలలో దాగిన కర్బనం, రెండు మూడు వందల ఏళ్లలోనే తిరిగి పైకి పోతోంది.

పెరిగినది బొగ్గు, చమురు కాల్చగా వచ్చిన గ్యాసేనని ఎలా చెప్పగలం, అగ్నిపర్వతాలదో అడవులదో కావచ్చు కదా అన్నది తరువాతి ప్రశ్న. దానికి రుజువు ఉంది. బతికి ఉన్న ప్రతి చెట్టులో, జంతువులో కార్బన్-14 అనే స్వల్ప రేడియోధార్మిక కర్బనం ఉంటుంది. చనిపోయాక అది 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది. కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో చుక్క కూడా మిగలదు. గాలిలో చేరేది చెట్ల కర్బనమే అయితే కార్బన్-14 పాలు మారకూడదు. 1955లో హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త చెట్ల కాండాల వలయాల్లో ఆ పాలు పలచబడడం గమనించాడు. పాత కర్బనం కలిసి కొత్తదాన్ని పలచన చేస్తోంది. అగ్నిపర్వతాల కర్బనమూ పాతదే కాబట్టి ఈ పరీక్ష ఒక్కటీ చాలదు. కానీ అవి ఏటా వదిలేది మనుషులు వదిలేదానిలో నూరో వంతు కూడా ఉండదు.

అమెరికావాళ్లు కాల్చలేదా?

కాల్చారు. ఇప్పటిదాకా మనుషులు బొగ్గు, చమురు లాంటివి కాల్చి వదిలిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు అమెరికాది. భారతదేశానిది నూటికి నాలుగు పాళ్ల లోపు. నేటికీ సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల ప్రాంతం, అమెరికన్‌ది దానికి ఏడు రెట్లు.

ఈ ప్రశ్న వేసినవాడు సైన్సును కాదనడం లేదు. న్యాయం అడుగుతున్నాడు. దానికి భౌతిక శాస్త్రంతో జవాబు చెప్పబోవడం చెవిటివాడి ముందు శంఖమూదడమే. ఇక్కడ చెవిటివాడు శంఖం పట్టుకున్నవాడే. "నువ్వన్నది నిజం" అని ఒప్పుకున్నాక ముచ్చట ముందుకు పోతుంది, లేకపోతే అక్కడే ఆగుతుంది. ఒప్పుకున్నాక చెప్పగలిగే మాట ఒకటుంది. ఎవరు కాల్చినా వేడి ముందు తగిలేది ఏసీ గదుల్లో లేనివాళ్లకు, ఎండలో పనిచేసేవాళ్లకు.

అడిగి వినడం

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ట్రెయిల్ అనే చిన్న పట్టణం ఉంది. ప్రపంచంలోని అతిపెద్ద సీసం-జింకు కర్మాగారాల్లో ఒకటి అక్కడుంది. ఊరంతా దాని మీదే బతుకుతుంది. నైబర్స్ యునైటెడ్ అనే స్థానిక సంస్థ ఆ ఊళ్లో ఇంటింటికీ తిరిగి మాట్లాడింది. ఆ తిరిగినవాళ్లు కరపత్రాలు పంచలేదు. ఎదుటివాళ్లను వాళ్ల జీవితం గురించి అడిగారు, విన్నారు, తమ కథ చెప్పారు, మళ్లీ అడిగారు. 2022లో ఆ పట్టణ పాలక మండలి 2050 నాటికి పూర్తిగా పునరుత్పాదక ఇంధనానికి మారాలని తీర్మానించింది. వాదన లేకుండా అడిగి వినే ఈ పద్ధతిని డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే పరిశోధకులు 2016లో వేరే విషయం మీద పరీక్షించారు. పది నిమిషాల మాట ప్రభావం నెలల పాటు నిలిచిందని తేలింది.

ఎందుకు పనిచేస్తుంది? "నీది తప్పు" అన్నప్పుడు మనిషి తన పక్షాన వాదనలు వెతుక్కుంటాడు. "నీకెట్ల అనిపించింది?" అన్నప్పుడు తన జ్ఞాపకాలను వెతుక్కుంటాడు. రెండో వెతుకులాటలో దొరికేది అతని సొంత సాక్ష్యం. దాన్ని అతనే కాదనలేడు.

కాలనీలో అలాంటి ముచ్చట ఎలా ఉండొచ్చో ఊహిద్దాం. ఇంజనీరింగ్ చదివే బిడ్డ, ఓపెన్‌కాస్టులో పనిచేసే తండ్రి.

"బాపూ, ఈసారి ఎండలకు పనెట్ల సాగింది?"

"ఎట్ల సాగుతది బిడ్డా. పదింటికే డంపర్ నిచ్చెన పట్టుకోరాకుంట అయితాంది."

"నువ్వు డ్యూటీల చేరినప్పుడు గూడ గిట్లనే ఉండెనా?"

"అప్పుడు గూడ ఎండలే. కాకుంటె రాత్రి సల్లవడేది. ఇప్పుడు నైట్ షిఫ్టుల గూడ ఉక్కపోతనే."

"రాత్రిపూట సూర్యుడు లేడు గదా, మరి ఆ వేడి యాడికెళ్లి వస్తాంది?"

ఇక్కడ బిడ్డ ఆగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి తొందరపడదు. నిజానికి ఆ ప్రశ్న శాస్త్రవేత్తలు వాడిన పరీక్షే. సూర్యుడే ఎక్కువ కాస్తుంటే పగళ్లు ఎక్కువ వేడెక్కాలి. వేడి బయటికి పోకుండా వాయువులు పట్టి ఉంచుతుంటే రాత్రులూ చల్లబడవు. గత శతాబ్దం మధ్య నుంచి ప్రపంచంలో చాలాచోట్ల పగళ్ల కన్నా రాత్రులే ఎక్కువ వేడెక్కాయి. తండ్రి చెప్పింది ఆ రుజువే, ఆయన మాటల్లో.

తండ్రీబిడ్డలను ఎంచుకోవడం ఊరికే కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో బడిపిల్లలకు వాతావరణ పాఠాలు చెప్పి, ఇంట్లో పెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేసి రమ్మన్నారు. 2019లో వెలువడిన ఫలితాల్లో, ఈ విషయాన్ని ముందు అంతగా పట్టించుకోని తండ్రులు, సంప్రదాయవాదులే ఎక్కువగా మారారు. మార్చినవాళ్లలో కొడుకుల కన్నా కూతుళ్లది పైచేయి. బిడ్డ అడిగితే అందులో రాజకీయం వెతకాలని తండ్రికి తోచదు కాబోలు.

మరి బాయిలు?

చివరికి ముచ్చట రావలసిన చోటికే వస్తుంది. "మూసేస్తే మా గతేంది?" అన్న ప్రశ్నకు తేలిక జవాబు ఇచ్చేవాళ్లు అబద్ధం చెబుతున్నారు.

లెక్క చూద్దాం. 1990ల మొదట్లో సింగరేణిలో పర్మినెంట్ కార్మికులు లక్షకు పైనే. నేడు 40 వేల ప్రాంతం. అదే కాలంలో తవ్వే బొగ్గు బాగా పెరిగి 2023-24లో 700 లక్షల టన్నులకు చేరింది. ఆ ఉద్యోగాలను తీసుకుపోయింది వాతావరణ ఒప్పందాలు కాదు. ఇంక్లైన్లు (భూగర్భ గనులు) మూసి ఓపెన్‌కాస్టులు తెరవడం, చేత్తో బొగ్గు ఎత్తే తట్ట-చెమ్మస్ పోయి షావెళ్లు, డంపర్లు రావడం, కాంట్రాక్టు పని పెరగడం. గనులు మూతపడడం ఈ నేలకు కొత్త కాదు, ఇల్లందును అడిగితే చెబుతుంది. చర్చించవలసింది గని మూసే ముందు ఎన్నేళ్ల గడువు ఉంటుంది, ఆ గడువులో ఎవరు ఏం చేస్తారు అన్నది.

జర్మనీలోని రూర్ లోయలో 1950ల్లో లక్షల మంది బొగ్గు కార్మికులుండేవారు. చివరి గని ప్రాస్పర్-హానియెల్ 2018 డిసెంబరులో మూతపడింది. మూత తేదీని 2007లోనే తేల్చుకున్నారు. ముందస్తు పింఛన్లు, వేరే పనుల్లో శిక్షణ, కార్మిక సంఘాలతో ఒప్పందాలు కుదుర్చుకుని, బలవంతంగా ఎవరినీ తీసేయకుండా నడిపారు. దానికి జర్మనీ పెట్టిన డబ్బు మన దగ్గర లేదు. గడువు మాత్రం ఉంది. నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని మన దేశం చెప్పిన ఏడాది 2070.

కళ్ల ముందు మొదలైనవీ ఉన్నాయి. వాటిని ఉన్నంతలోనే చెప్పడం మంచిది. ఎన్‌టీపీసీ రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 జులై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. దాదాపు 500 ఎకరాల నీటి మీద పలకలు పరుచుకుని ఉన్నాయి. వాటి నీడ వల్ల ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. రామగుండం-3 ఏరియాలోనే సింగరేణికి 50 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది. అయితే ఎన్‌టీపీసీ పాత బొగ్గు యూనిట్లే 2,600 మెగావాట్లు. పైగా సౌర పలకలు రాత్రి కరెంటు ఇవ్వవు, గనికి కావలసినంత మంది మనుషులూ వాటికి అక్కర్లేదు. ఈ రెండు లోపాలనూ ముందే ఒప్పుకుంటే ఎదుటివాడు మిగతాది వింటాడు.

రాత్రి కరెంటు సమస్యకు సింగరేణి ముందుకు తెచ్చిన ప్రతిపాదన ఒకటి గని మనుషులకు ఆసక్తి కలిగించేది. బొగ్గు తీసేసిన మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ కేంద్రం కట్టాలన్నది అందులోని ఆలోచన. గుంత అడుగున నీళ్లు, పైన మరో చెరువు. మధ్యాహ్నం సౌర విద్యుత్తు మిగిలినప్పుడు ఆ కరెంటుతో నీళ్లను పైకి ఎక్కిస్తారు. పొద్దు గుంకి ఇళ్లలో ఫ్యాన్లు, కూలర్లు తిరగడం మొదలయ్యాక ఆ నీళ్లను టర్బైన్ల మీదుగా కిందికి వదులుతారు. ఎక్కించడానికి పట్టిన కరెంటులో సుమారు నాలుగింట మూడు వంతులు తిరిగొస్తుంది. ఇలాంటి కేంద్రానికి మైదానంలో దొరకనిది ఎత్తు తేడా. ఓపెన్‌కాస్టు దాన్ని ముందే తవ్వి పెట్టింది. గట్లు జారకుండా చూడడం, ఊట నీటిని తోడడం, పెద్ద పంపులు నడపడం, కేబుళ్లు కాపాడడం ఇక్కడి ఫిట్టర్లకు, ఎలక్ట్రీషియన్లకు, సర్వేయర్లకు కొట్టిన పిండి. ఆ పనుల్లో ఎన్ని పర్మినెంట్, ఎన్ని కాంట్రాక్టు, డిపెండెంట్ (కార్మికుల వారసుల) నియామకాలు వాటికీ వర్తిస్తాయా అన్నవి కార్మిక సంఘాల ఆఫీసుల్లో, గేట్ మీటింగుల్లో ఇప్పటి నుంచే అడగవలసిన ప్రశ్నలు.